షీటు వెనక బొట్టు

సాయిప్రకాష్ కారు నాకంటే ముందే వచ్చి పోర్టికోలో నిలబడి ఉంది. తెల్లది, కొత్తది, డ్రైవరుతో సహా. నేను జనక్‌పురిలో మెట్రో ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, చివర్న హాస్టల్ పిల్లల మధ్య బస్సులో వేలాడుతూ గ్రేటర్ నోయిడాలో యూనివర్సిటీకి చేరేసరికి ఒంటిగంట యాభై అయింది. కమిటీ నాలుగింటికి. అంటే నాకున్నది రెండు గంటల పది నిమిషాలు.

ఒక మాట ముందే ఒప్పేసుకుంటాను. సాయిప్రకాష్ అంటే నాకు కుళ్ళు. వాడు ఐదేళ్లు నా దగ్గర పనిచేశాడు. పెళ్లి సంబంధాల వాకబుకి వెళ్లినప్పుడు పక్కింటివాళ్లని ఎలా మాట్లాడించాలో, మాట్లాడేవాళ్ల చేతులు ఎందుకు చూడాలో అన్నీ నేనే నేర్పాను. నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం "థాంక్యూ మేడం" అనేసి వెళ్లి గురుగ్రామ్‌లో ఆఫీసు తెరిచాడు. ఇప్పుడు వాడి కింద ముప్పై మంది. హైమవతి డిటెక్టివ్ ఏజెన్సీలో మాత్రం ఇప్పటికీ హైమవతి ఒక్కతే.

సెక్యూరిటీ టేబుల్ మీద రిజిస్టర్ తెరిచి ఉంటే, నా పేరు రాస్తూనే నిన్నటి పేజీ తిప్పి చూశాను. అలవాటు. సాయిప్రకాష్ పేరు అక్కడ కూడా ఉంది. లోపలికి తొమ్మిది పది, బయటికి తొమ్మిది ఇరవై ఐదు. పని: సీలు తనిఖీ. వెంట ఉన్నవారు: సుధీర్.

మైథిలి మెట్ల దగ్గర నిలబడి ఉంది. కళ్లు ఉబ్బిపోయాయి. అమలాపురం పిల్ల. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో రెండేళ్లు మా మేడమీద గదిలో అద్దెకుంది. నాకు కూతుళ్లు లేరు, అందుకని ఆ పిల్లని అందరికీ "మా ఇంటి అమ్మాయి" అని చెప్పుకుంటాను.

"నాలుగింటికి నన్ను తీసేస్తారంటండి ఆంటీ," అంది. "డేటా కల్పించిందని రాసేత్తే ఇంకే యూనివర్సిటీ గుమ్మం తొక్కనివ్వరు. ఆరేళ్ల పనండి."

"ఏడుపు తర్వాత. నిన్న ఏం జరిగిందో వరసగా చెప్పు. టైములతో."

చెప్పింది. ఈ రోజుల్లో కార్లకి ముందు బంపర్ లోపల రాడార్ ఉంటుంది. అది తరంగాలు వదిలి, తిరిగొచ్చిన వాటిని బట్టి ముందు ఏ బండి ఉందో పసిగడుతుంది. చిక్కేమిటంటే, కొన్ని తరంగాలు బంపర్ లోపలే కొట్టుకుని వెనక్కి వస్తాయి. అప్పుడు ఖాళీ రోడ్డు మీద లేని బండి కనిపించి, కారు దానంతటదే బ్రేకు వేసేస్తుంది. మైథిలి చేసిన షీటు ఆ పనికిరాని తరంగాలని మింగేస్తుంది. ముందు వైపు ఆవగింజ కంటే చిన్న రాగి చుట్టలు వేలకొద్దీ అచ్చు వేసి ఉంటాయి. వెనక వైపు నున్నటి రాగి రేకు. మధ్యలో ఒక పొర. తరంగం లోపలికి వెళ్లి ఆ పొరలో వేడిగా మారి అయిపోతుంది. ఇలా ప్రకృతిలో దొరకని గుణాన్ని మనిషి అచ్చు వేసి పుట్టించిన పదార్థాన్ని మెటామెటీరియల్ అంటారట.

"నూటికి ఒకటి మించి వెనక్కి వచ్చేది కాదండి. నూట నలభై సార్లు కొలిచాను. నిన్న పదకొండింటికి, మా పనికి డబ్బు పెట్టిన కార్ల కంపెనీ వాళ్ల ముందు పెడితే ఎనభై వచ్చేసింది."

"మెషీన్ పాడైందేమో?"

"కాదండి. ప్రతిసారీ ముందు మామూలు రాగి పలక పెట్టి చూత్తాం. అది వంద చూపించింది. మెషీన్ బానే ఉంది."

"అంటే షీటు మారింది."

"నేనూ అదే అన్నానండి. కానీ బీరువా సీలు అలాగే ఉంది. కెమెరాలో నేను తప్ప ఎవరూ లేరు. పైగా వెనకాల బొట్టుంది కదా అంటన్నారు. నా బొట్టేనండి ఆంటీ. షీటు బీరువాలోంచి తీసి కళ్లకద్దుకుని మరీ స్టాండుకి తగిలించాను."

ఆ బొట్టు సంగతి నాకు తెలుసు. దసరా నవమి నాడు ఆ షీటుని పేపర్లో చుట్టి మా ఇంటికి తెచ్చి, నా భూతద్దం పక్కన, నా పాత కెమెరా పక్కన పెట్టి పసుపు అద్ది, మీద కుంకుమ పెట్టింది. మనవాళ్లు లారీకీ, ల్యాప్‌టాప్‌కీ పెట్టినట్టే.

రెండూ పదికి టెస్ట్ ఛాంబర్ చూశాను. తలుపు తీసింది మైథిలి గైడు, ప్రొఫెసర్ భీమేశ్వరరావు. అరవై దాటినాయన. రాత్రంతా నిద్రపోయినట్టు లేరు.

ఛాంబర్ గోడల నిండా నల్లటి స్పాంజి ముళ్లు. తరంగాలు గోడలకి తగిలి తిరిగి రాకుండా అట. నా మాట కూడా నోటి దగ్గరే ఆగిపోయినట్టు వినిపించింది. ఒక చివర తరంగాలు వదిలే, కొమ్ము లాంటి రాడార్ గొట్టం, ఇంకో చివర స్టాండు, స్టాండుకి రెండు కొక్కేలు. బయట బీరువా. దాని సీలు మీద సాయిప్రకాష్ ఏజెన్సీ పేరు, వాడి సంతకం. ఈ నెల మొదట్లో కంపెనీ తరఫున వచ్చి కెమెరాలూ సీళ్లూ పెట్టింది వాడేనట.

టేబుల్ మీద నిన్నటి షీటు. పారదర్శకమైన కవర్లో పెట్టి మూశారు. దాని మీద కూడా వాడి సీలే.

"ముట్టుకోకూడదమ్మా. చూడొచ్చంతే," అన్నారు భీమేశ్వరరావు. "మైక్రోస్కోపు కింద పెట్టనివ్వండి, లేయర్ టెస్ట్ చేస్తానని బతిమాలాను. కమిటీ తేల్చేదాకా కుదరదన్నారు."

"పెట్టినా ఏం తెలుస్తుందండీ?"

"ముందు వైపు ఏమీ తెలియదు. డిజైన్ ఫైలు కంపెనీకి ఎప్పుడో ఇచ్చేశాం, ఎవరైనా అచ్చు వేయించగలరు. రహస్యమంతా మధ్య పొరలో ఉంది. అది దేంతో చేసిందో ఆ అమ్మాయికీ నాకూ మాత్రమే తెలుసు. పేటెంటు అయ్యేదాకా ఇవ్వం అన్నాం. వాళ్లకి అదే కోపం."

భూతద్దం తీసి కవరు మీద నుంచే చూశాను. నిలువు షీటు, జానెడు పొడవు. పై అంచున కొక్కేలకి రెండు రంధ్రాలు. వెనక వైపు, ఎడమ రంధ్రం కింద మూలలో పసుపు, దాని మీద కుంకుమ. నోట్ బుక్‌లో బొమ్మ గీసుకున్నాను. రంధ్రాలు పైన, బొట్టు ఎడమ.

రెండూ నలభైకి సుధీర్‌ని కూర్చోబెట్టాను. మైథిలితో పాటే చేరిన రీసెర్చ్ స్కాలర్. కరీంనగర్. కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు.

"నిన్న పొద్దున ఎక్కడున్నావు?"

"ల్యాబ్‌లనే మేడం. తొమ్మిదింటికి వచ్చిన, పది దాంక ఈడనే ఉన్న. రిజిస్టర్‌ల సంతకం ఉంది, సూడుండ్రి."

"ఆ గంటలో ఎవరొచ్చారు?"

"ఎవ్వరూ రాలే. నేనొక్కన్నే."

"తొమ్మిది పదికి సాయిప్రకాష్ వచ్చాడు. వెంట నువ్వున్నావని గేటులో రాసి ఉంది."

కాలు ఊపడం ఆగిపోయింది. నేను మాట్లాడలేదు. ఇలాంటప్పుడు మాట్లాడకపోవడమే మంచిదని సాయిప్రకాష్‌కి నేర్పింది కూడా నేనే.

"నేను లేను మేడం," అన్నాడు చివరికి. "సంతకం ముందుగాల్నే పెట్టి క్యాంటీన్‌కి పోయిన. పన్నెండు దాంక ఆడనే కూసున్న."

"ఎందుకు?"

"సూడబుద్ధి గాలే." తల దించుకున్నాడు. "ఇద్దరం ఒక్కతాననే షురూ జేసినం. నా షీటు నూటికి పదిహేను ఎన్కకి పంపుతది, ఆమెది ఒక్కటి. సార్ రోజూ మైథిలి మైథిలి అంటడు. కంపెనీవాళ్లు చప్పట్లు గొడుతుంటే నేను పక్కన నిలబడాల్నా? ఫెయిల్ అయిందని తెల్వంగనే... మీకు అబద్ధం ఎందుకు జెప్పాలె మేడం, సంబురమైంది. తర్వాత ఆమె ఏడుస్తుంటే నామీద నాకే అసయ్యమైంది."

నమ్మాను. కుళ్ళు ఎలా మాట్లాడుతుందో నాకు బాగా తెలుసు, అది ఇలాగే మాట్లాడుతుంది. తెల్ల కారు చూసినప్పుడల్లా దానికి ఒక టైరు పంక్చరైతే బాగుండునని నేను మొక్కుకోలేదా? వాడిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ వాడి కుళ్ళు వల్ల తొమ్మిది పది నుంచి తొమ్మిది ఇరవై ఐదు దాకా సాయిప్రకాష్ ల్యాబ్‌లో ఒంటరిగా ఉన్నాడు. అదీ, సీలు తెంచి మళ్లీ వేయగలవాడు వాడొక్కడేనన్నదీ రాసుకున్నాను.

మూడూ ఐదుకి వరండాలో సాయిప్రకాష్ ఎదురుపడ్డాడు.

"మేడం! మీరా!" అంటూ వంగి కాళ్లకి దండం పెట్టబోయాడు. నలుగురూ చూసేలా. "ఫోన్ చేస్తే కారు పంపేవాణ్ణి కదా. బస్సులో వచ్చారంట, గార్డు భయ్యా చెప్పాడు."

"నీ రిపోర్టు భీమేశ్వరరావు గారి దగ్గర చూశాను. కెమెరాలో మైథిలి తప్ప ఎవరూ లేరని రాశావు. నువ్వు వచ్చినట్టు రాయలేదేం?"

"నేను ఆడిట్ మేడం. ఆడిటర్‌ని అనుమానితుల్లో లెక్కేస్తారా?"

"తొమ్మిది పది నుంచి పదిహేను నిమిషాలు కెమెరా ఏం చూసింది?"

"ఏమీ చూడలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. రిపోర్టులో నాలుగో పేజీ, చిన్న అక్షరాల్లో ఉంది. కళ్లజోడు మార్చుకోండి మేడం." నవ్వాడు. "చూడండి, మీరంటే నాకు గౌరవం. కానీ పిల్ల ఏడిస్తే చాలు, నిజం చెబుతోందని మీరు నమ్మేస్తారు. అందుకే ఇంకా సంబంధాల వాకబు చేసుకుంటున్నారు. సీలు ఉంది. రాగి పలక వంద చూపించింది. వెనకాల నవమి బొట్టు నవమి బొట్టులాగే ఉంది. షీటు అదే. తప్పు డేటాదే. సింపుల్."

"అంత సింపుల్ అయితే నిన్నెందుకు పిలిచారు?"

"నన్ను పిలుస్తారు మేడం. అదే తేడా."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. వాడి మాటల్లో ఏదో ఒకటి చెవికి అడ్డం తగిలింది, పట్టుకుందామనుకున్నాను. కానీ ఆ క్షణంలో నేను వాడి చేతి వాచీ చూస్తున్నాను. నా ఆరు నెలల సంపాదన ఉంటుంది. వాడు వెళ్లిపోయాడు, ఆ మాట కూడా పోయింది.

భీమేశ్వరరావు గదిలోకి వెళ్లి అడిగాను. "పాత షీటుకి ఫోటోలు ఏమైనా ఉన్నాయా? ముందువీ వెనకవీ?"

ఆయన నల్ల అట్ట రికార్డు పుస్తకం తీశారు. "మా కాలపు అలవాటు. కొలిచిన ప్రతిరోజూ షీటుకి రెండు వైపులా ఫోటో తీసి అంటించి సంతకం పెట్టాలి. పక్కన తేదీ కార్డు ఉండాలి. పిల్లలు విసుక్కుంటారు."

దసరా తర్వాత పేజీలు తిప్పాను. తేదీ కార్డు చక్కగా చదవడానికి వస్తోంది. పైన రెండు రంధ్రాలు. బొట్టు కుడి రంధ్రం కింద ఉంది. తర్వాత పేజీ, కుడి. ఆ తర్వాత, కుడి. ఇరవై రెండు పేజీల్లోనూ కుడి మూలే.

నా నోట్ బుక్ తెరిచి ఆయన ముందు పెట్టాను. రంధ్రాలు పైన, బొట్టు ఎడమ.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూశారు. "అయ్యో," అన్నారు. "బొట్టు ఉందా లేదా అనే చూశాం గానీ ఏ మూలన ఉందో ఎవ్వరం చూడలేదమ్మా. ఇది వేరే షీటు!"

"అసలుది ఎత్తుకెళ్లారు. దేనికో తెలుసుగా?"

"కోయడానికి," అన్నారాయన. "మధ్య పొర ఏమిటో తెలియాలంటే కోసి చూడాల్సిందే."

మూడూ ఇరవై. ఎగిరి గంతేయాలనిపించింది. ముప్పై మంది స్టాఫూ తెల్ల కారూ ఉన్నవాడు చూడనిది, బస్సులో వచ్చిన నేను చూశాను! నాలుగింటికి కమిటీ ముందు వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ మెట్ల మీద కూర్చున్నాను. ఒక్క ముక్కే మిగిలింది. నకిలీ చేసినవాడు బొట్టు ఎడమన ఎందుకు పెట్టాడు?

సుధీర్ రోజూ షీటు చూసేవాడు, పొరబడడు. భీమేశ్వరరావు రోజూ సంతకం పెట్టేవారు, పొరబడరు. వీళ్లు కాదు. అసలు షీటు చేతిలోకి తీసుకోకుండా, ముందే ఇంకో షీటు చేయించి సిద్ధంగా పెట్టుకున్నవాడు. ఫోటో చూసి బొట్టు పెట్టినవాడు. అదీ, కుడిని ఎడమ చేసి చూపించిన ఫోటో. రికార్డు పుస్తకం భీమేశ్వరరావు బీరువా దాటలేదు. మరి ఇంకో ఫోటో ఎక్కడిది?

అప్పుడు గుర్తొచ్చింది. వరండాలో నా చెవికి అడ్డం తగిలిన మాట. నవమి బొట్టు.

ఆ బొట్టు నవమి నాడు పెట్టిందని వాడికెలా తెలుసు?

ఫోన్ తీసి వెనక్కి జరిపాను. దసరా ఫోటోలు. మా పూజ గది ముందు నేనూ మైథిలీ. నేనే సెల్ఫీ తీశాను. "ముందు వైపు వద్దండి ఆంటీ, వెనక వైపైతే పరవాలేదు. కానీ ఎవరికీ పంపకండేం," అని ఆ పిల్ల షీటు వెనక్కి తిప్పి పట్టుకుంది. నా ఫోన్‌లో సెల్ఫీలు అద్దంలో చూసుకున్నట్టే పడతాయి. నాకు అలాగే ఇష్టం, మార్చుకోలేదు. మా వెనక గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. షీటు పైన రెండు రంధ్రాలు. ఎడమ రంధ్రం కింద బొట్టు.

ఆ ఫోటో నేను లోకంలో ఒక్క మనిషికి పంపాను. నవమి సాయంత్రం ఏడూ నలభై రెండుకి.

నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. నా వేలు డిలీట్ మీదికి వెళ్లింది. మూల మారిందన్న రుజువు నా దగ్గర ఎలాగూ ఉంది. దాంతో మైథిలి బయటపడుతుంది. ఎవరు చేశారో తేలకపోయినా సరే, నా పరువు దక్కుతుంది. కానీ ఎవరో తేలకపోతే అసలు షీటు దొరకదు. ఈ సాయంత్రమో రేపో ఎక్కడో ఒక టేబుల్ మీద దాన్ని కోసేస్తారు. ఆరేళ్ల పని ఇంకొకరి పేరు మీద పేటెంటు అవుతుంది.

మూడూ నలభై ఐదుకి మైథిలిని మెట్ల దగ్గరికి పిలిచి ఫోన్ చేతిలో పెట్టాను. ఆ పిల్ల చదివింది. పైకి జరిపి మళ్లీ చదివింది.

"పంపొద్దన్నాను కదండి," అంది.

"అన్నావు."

"మరెందుకు పంపారండి?"

"వాడి దగ్గర ఉన్నవేవీ నా దగ్గర లేవు. నువ్వున్నావు. అది చూపించాలనిపించింది."

ఆ పిల్ల ఏడవలేదు. అదే భరించలేకపోయాను. ఫోన్ తిరిగిచ్చి, "లోపల ఇది చూపిత్తే మీ ఏజెన్సీ మూతపడిపోద్ది. ఇంక మిమ్మల్ని ఎవరూ నమ్మరు," అంది.

"తెలుసు."

"నేనూ నమ్మనండి ఆంటీ," అంది నెమ్మదిగా. "అయినా పదండి. నాలుగవుతోంది."

కమిటీ గదిలో పొడుగాటి టేబుల్. మధ్యలో అధ్యక్షురాలు, తెలుగు రాని ఢిల్లీ మనిషి. ఆమెకి ఎడమ వైపు భీమేశ్వరరావు. కుడి వైపు కంపెనీ తరఫున సాయిప్రకాష్, కాలు మీద కాలేసుకుని.

ముందు రికార్డు పుస్తకం పెట్టాను. కవరులోని షీటు పక్కన పెట్టాను. కుడి, ఎడమ చూపించాను. అధ్యక్షురాలు ముందుకి వంగి చూసింది. సాయిప్రకాష్ కాలు దించలేదు. "మేడం, ఎవరో తుడిచి మళ్లీ పెట్టి ఉండొచ్చు. పెట్టినవాళ్లెవరో చెప్పగలరా?" అని హిందీలో అడిగాడు.

"చెప్పగలను," అన్నాను. ఫోన్ తెరిచి టేబుల్ మీద పెట్టాను. "ఈ ఫోటోలో బొట్టు ఎడమన ఉంది. ఇది బయటికి పంపింది నేను. మైథిలి వద్దన్నా పంపాను. అది కూడా రాసుకోండి."

"ఎంతమందికి పంపారు?" అని అడిగింది అధ్యక్షురాలు.

"ఒక్కరికే. పేరు పైన ఉంది."

సాయిప్రకాష్ కాలు కిందికి దిగింది. వాడి మొహం వంక చూడాలని నాలుగేళ్లుగా ఎదురుచూశాను. తీరా చూస్తే నాకు ఏ సంతోషమూ కలగలేదు. "మా లాయర్ వచ్చేదాకా నేనేం మాట్లాడను," అన్నాడు.

"కింద మెసేజులు తెలుగులో ఉన్నాయి," అంది అధ్యక్షురాలు. "ప్రొఫెసర్ సాబ్, చదివి చెప్పండి."

భీమేశ్వరరావు ఫోన్ దగ్గరగా తీసుకున్నారు. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో, తరగతిలో పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటీ చదివారు.

"ఏడూ నలభై రెండు. హైమవతి గారు. 'మా ఇంటి అమ్మాయి చేసింది. రాడార్‌నే మింగేస్తుంది. ఇవాళే బొట్టు పెట్టాం. ఇలాంటిది నీ గురుగ్రామ్‌లో ఎప్పుడైనా చూశావా? కుళ్ళుగా ఉందా?'"

ఆయన వేలితో మెసేజులు పైకి జరిపారు.

"ఏడూ యాభై ఎనిమిది. సాయిప్రకాష్. 'చాలా కుళ్ళుగా ఉంది మేడం. బొట్టు కనిపించేలా ఇంకొంచెం దగ్గరగా తీసింది ఉంటే పంపండి.'"

దాని కింద, ఎనిమిదీ ఒకటికి, నేను పంపిన రెండో ఫోటో ఉంది. మైథిలి నా వైపు చూడలేదు. ఆ నవమి రాత్రి, అది పంపాక, నేను ఎంతో హాయిగా నిద్రపోయాను.